మిలట్రీ లారీల్లో ఆకుకట్టలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ కనబడిన వాళ్ళందరికీ చెప్పేది. నిజమే, దాచడం దేనికి? ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బడిలో పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. అయితే ఆ కోపం నా జన్మలో ఒక్కరోజు పదిమందికీ పనికొచ్చింది. అదే రోజు, పొద్దు వాలకముందే, అదే కోపం నన్ను అందరి ముందూ తల దించుకునేలా చేసింది. ఆ రోజు తలుచుకుంటే ఈ వయసులో కూడా నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

మా పేట అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్ళే రోడ్డుకి లోపలగా, మురుగుకాలవ పక్కన ఉండేది. తాతల కాలంలోనే మావాళ్ళు క్రైస్తవం పుచ్చుకున్నారు. మిషను బడి పుణ్యమా అని నేను చదువుకుని, ఇరవై ఏళ్ళకే టీచరునయ్యాను. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఎకరం పైచిలుకు కౌలుకి చేసేది. నేను ఎంత టీచరునైనా మా కంచంలోకి అన్నం వచ్చేది ఆ చేను నుంచే.

యుద్ధం రోజుల్లో నేను చిన్నదాన్ని. అప్పట్లో మిలట్రీ అంటే మా పేటలో అన్నం తినని పిల్లల్ని బెదిరించడానికి పనికొచ్చే మాట. రోడ్డు మీద ఖాకీ లారీ కనబడితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు బిడాయించేవారు. అందుకని, స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి, పెద్ద వరద రోజుల్లో మిలట్రీ లారీలు మా వైపు వచ్చినప్పుడు సగం పేట కొబ్బరితోటల్లోకి పరుగెత్తింది. పరుగెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. టీచరునని గుర్తొచ్చి సగం దారిలో ఆగాననుకోండి, అది వేరే సంగతి.

వాళ్ళొచ్చింది ఏటిగట్టుకి పడ్డ గండి పూడ్చడానికి. గోదావరి ఆ శ్రావణంలో గట్టు తెంచుకుని మా చేల మీద పడింది. సిపాయిలు ఇసక బస్తాలు వేస్తారు, ఏరు వాటిని బూరుగు దూదిలా పట్టుకుపోతుంది. రెండు రోజులు అలా జరిగాక మావాళ్ళు కొబ్బరితోటల్లోంచి బయటికొచ్చి, తాటి దుంగలు దించి, వాటికి అడ్డంగా తడికలు కట్టారు. అప్పుడు నిలిచాయి బస్తాలు. వాళ్ళ బస్తా లేకపోతే మా తడిక ఆగదు, మా తడిక లేకపోతే వాళ్ళ బస్తా నిలవదు. నడుముల్లోతు నీళ్ళలో పక్కపక్కన నిలబడి వారం రోజులు మోశారు. గండి పూడే నాటికి మా పేట పిల్లలు సిపాయిల టోపీలు పెట్టుకుని తిరుగుతున్నారు.

నీళ్ళు తీశాయి. చేలు బయటపడ్డాయి. ఆకుమడికి పోయి చూశాం. ఊడ్పులకని పోసుకున్న ఆకు, అదే వరి నారు, అంతా కుళ్ళి, నల్లగా, నేలకి అతుక్కుపోయి ఉంది. మళ్ళీ విత్తనం చల్లి ఆకు పెంచాలంటే దగ్గర దగ్గర నెల. పుబ్బ కార్తె దాటాక ఊడ్చిన చేను గింజ పట్టదు. అంటే ఆ ఏడు మాకు పంట లేనట్టే. అమ్మ చేను గట్టు మీద నిలబడి చూసింది. ఇంటికొచ్చి అటక ఎక్కింది. అక్కడ మట్టి మూసిన కుండలో మూడు కుంచాల విత్తనాలు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుని దిగింది. అవి వచ్చే ఏటికి. మిలట్రీ వాళ్ళు పంచిన ముక్కిపోయిన బియ్యం ఉడకేసుకుని తిని పడుకున్నాం.

అప్పుడు తెలిసింది, గౌతమికి ఆవల రామచంద్రపురం వైపు ఊళ్ళకి వరద తగల్లేదని. అక్కడి రైతులు తమ ఊడ్పులయ్యాక మిగిలిన ఆకు వచ్చి ఊరికే పట్టుకుపొమ్మన్నారు. పట్టుకురావడం ఎలా? ఎడ్లబళ్ళ మీద ఏరు దాటించి తెచ్చేసరికి ఆకు కాస్తా ఎండుగడ్డి అయిపోతుంది. పీకిన ఆకు ఒక రోజు ఓర్చుకుంటుంది. రెండో రోజు పొద్దుగూకేలోపల బురదలో పెట్టకపోతే ఇక అంతే సంగతులు. మిలట్రీ లారీలు నాలుగు ఖాళీగా ఉన్నాయి, వాటి సుబేదారు సరేనన్నాడు. ఇక ఆయనతో మాట్లాడే మనిషి కావాలి. హిందీ పరీక్షలు రెండు ప్యాసయిన మనిషిని చుట్టుపక్కల నేనే. అంతకుముందు నన్ను పలకరించిన పాపాన పోని మునసబుగారు మా పేట దాకా వచ్చి, "టీచరమ్మా, నువ్వెళ్ళాలమ్మా" అన్నారు. పైకి బింకంగా సరేనన్నాను. లోపల కాళ్ళు నేల మీద నిలవలేదు. లారీ ఎక్కడం నాకు అదే మొదలు.

మా పేట ఆడవాళ్ళు ముప్పైమంది, నేను, సుబేదారు, పంతొమ్మిదిమంది సిపాయిలు. సుబేదారు ఉత్తరాది కొండలవాడు, యాభై దగ్గర పడ్డ మనిషి, నెరిసిన మీసం. నా హిందీ విని మొదట ఆయన మీసం కింద నవ్వాడు. నాది పుస్తకాల హిందీ. "దయచేసి వాహనమును నిలుపుడు" అన్నట్టుండేదట. నవ్వితే నవ్వాడు కానీ ప్రతి మాటా విన్నాడు, అది నాకు నచ్చింది.

ఏరు దాటి వెళ్ళి, ఆవల ఊళ్ళో ఆ రోజంతా ఆకుతీత. వంగిన నడుం ఎత్తకుండా మావాళ్ళు పీకి, వేళ్ళు కడిగి, కట్టలు కడుతుంటే సిపాయిలు మోశారు. ఆ రాత్రి అక్కడే బడి వరండాలో ఒళ్ళు వాల్చి, తెల్లవారకముందే లేచి వెళ్ళేసరికి కట్టలు లారీల్లోకి ఎక్కించడం అయిపోయింది. సిపాయిలకి పని శుభ్రంగా చేయడం ఒక పిచ్చి. కట్టల మీద కట్టలు గోడ కట్టినట్టు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, పిసరంత గాలి దూరకుండా తాళ్ళు బిగించారు. చూడముచ్చటగా ఉంది. నాకెందుకో అనుమానం వచ్చి టార్పాలిన్ కిందకి చెయ్యి దూర్చాను. దించిన గంజికుండలో పెట్టినట్టయింది. ఆకు లోపల ఉడుకుతోంది!

పుస్తకాల హిందీ ఎక్కడికి పోయిందో తెలీదు, సుబేదారు మీద తెలుగులోనే విరుచుకుపడ్డాను. ఆయన నా చెయ్యి చూశాడు, తన చెయ్యి దూర్చి చూశాడు, మొహం మాడిపోయింది. తమ కొండల్లో కూడా వరి ఊడుస్తారనీ, కానీ అక్కడ ఆకు తల మీద బుట్టలో వెళుతుందనీ, లారీలో వెళ్ళడం తనెప్పుడూ చూడలేదనీ చెప్పాడు. రెండు నిమిషాల్లో తాళ్ళు తెగాయి. అడుగు కట్టలు కొన్ని పైకి తీసి, మధ్యలో గాలికి సందులు వదిలి, కాన్వాసు బకెట్లతో నీళ్ళు చల్లి బయల్దేరదీశాడు. ముందు లారీలో డ్రైవరు పక్కన నన్ను కూర్చోబెట్టి, తనూ ఎక్కాడు.

కోటిపల్లి రేవులో పంటు కట్టి ఉంది. రెండు పడవలు జోడించి పలకలు పరిచిన ఆ పంటు మీద నాలుగు లారీలూ రెండు దఫాలుగా దాటాలి. గెడలు వేసేవాళ్ళ పక్కన సిపాయిలు కూడా భుజం పెట్టారు. గౌతమి ఇంకా ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతోంది. మా వైపు ఒడ్డున లారీ చక్రం నేల తాకినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఎండ ఇంకా ముదరలేదు. మధ్యాహ్నానికల్లా మా చేలో ఉంటామని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్కలో నేను మావాళ్ళని కలపడం మరిచిపోయాను. కోనసీమ మర్యాద సంగతి పుట్టి పెరిగిన నాకు తెలీదా? తెలిసీ మరిచిపోయాను. రేవు ఎక్కగానే రోడ్డుకడ్డంగా జనం. సన్నాయి, డోలు. గండి పూడ్చిన మిలట్రీ వాళ్ళు ఈ దారిన వస్తున్నారని కబురందింది. మెడలో దండ వేయకుండా, చేతికి బొండాం ఇవ్వకుండా ఎలా పంపడం? ఒక్కొక్క సిపాయికీ చెక్కిన బొండాం. ఒకటి తాగితే ఇంకొకటి. లేత కొబ్బరి తినకుండా చిప్ప పారేస్తుంటే, అలా పారేయకూడదండీ అని చీల్చి గీకి మరీ పెడుతున్నారు. సుబేదారుకి పై అధికారి హుకుం, ఊరివాళ్ళు ఆప్యాయంగా ఇచ్చింది కాదనకూడదని. పోన్లే, ఒక్క ఊరే కదా అని నేనూ ఒక బొండాం తాగాను. తాగినదాన్ని తాగినట్టు చెప్పాలి కదా.

రెండో ఊళ్ళో బొండాలతో పాటు ఉప్మా, కాఫీ. అక్కడ ఆగి ఇక్కడ ఆగరా, మేమేం పాపం చేశామని వాళ్ళ అలక. వెనక్కి వెళ్ళి చూశాను. పై కట్టల ఆకు కొసలు వాడి వంగిపోయాయి. ఎండ నెత్తికెక్కుతోంది. మావాళ్ళు లారీల్లో కట్టల మీద తమ పైటలు తడిపి కప్పుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సుబేదారుని కదలమంటే, ఆయన ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో ఉప్మా ఆకుతో నిస్సహాయంగా చూశాడు. గండి దగ్గర ఏటికి ఎదురు నిలబడ్డ మనిషి, ఒక ముసలమ్మ ఇంకొంచెం వేసుకో బాబూ అంటే కాదనలేకపోయాడు.

మూడో ఊళ్ళో ఏకంగా రోడ్డుకడ్డంగా పచ్చి కొబ్బరాకు పందిరి వేశారు. పందిరి కింద బారుగా అరిటాకులు, విస్తళ్ళ పక్కన నీళ్ళ చెంబులు, దూరంగా గాడిపొయ్యి మీద పప్పు పొంగుతోంది. ఊరి పెద్ద, తెల్లటి పంచె, భుజాన కండువా, లారీ ముందుకొచ్చి చేతులు జోడించారు. "భోంచేసి వెళ్ళాలండీ. ఊరికే పంపించేమంటే మా ఊరికి మాట వస్తాదండీ" అన్నారు. అప్పుడు సమయం పదకొండు దాటింది.

నేను లారీలోంచి ఎలా దూకానో నాకు తెలీదు. చీర కుచ్చెళ్ళు మెట్టుకి పట్టుకుని చిరిగాయి. వెనక లారీలోంచి ఒక ఆకుకట్ట లాగి, తిన్నగా ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి, జోడించిన ఆ చేతుల్లోనే పెట్టాను. మా పేట మనిషి ఆయన ఎదుట నిలబడి మాట్లాడటమే వింత. ఆ మాట నాకు ఇంటికెళ్ళాక గానీ తోచలేదు.

"బాబుగారండీ, దాహం మిలట్రీ వాళ్ళకి కాదండీ, ఈ ఆకుకి. తమరు మర్యాద చెయ్యాలంటే ముందు దీనికి చెయ్యండి."

సన్నాయి ఆగిపోయింది. పెద్దాయన కట్టని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎంత పెద్దమనిషైనా రైతే కదా. ఒక మొక్క లాగి, వేరు గిల్లి చూసి, వాసన చూశారు. వాడిన కొస వేళ్ళ మధ్య నలిపారు. ఆయన మొహంలో రంగులు మారడం నేను అంత దగ్గర నుంచి చూశాను. నన్ను తిడతారనుకున్నాను. "ఆయ్" అన్నారు మెల్లగా. తరవాత వెనక్కి తిరిగి పెద్ద గొంతుతో, విస్తళ్ళు తీసెయ్యమన్నారు. ఇళ్ళలో ఉన్న బిందెలన్నీ తెమ్మన్నారు. ఇద్దరిని సైకిళ్ళ మీద ముందుకి తోలారు.

"ముందరూళ్ళన్నిటికీ చెప్పండ్రా. లారీ ఆపొద్దు. బొండాం కాదు, బిందె పట్టుకుని నిలబడమనండి."

ఆహా! ఆ తరవాత జరిగింది నేనెలా చెప్పను? పందిరి పీకేశారు. రోడ్డు పక్క కాలవలోంచి చేతులు మారి చేతులు మారి బిందెలొస్తున్నాయి. లారీలు మనిషి నడకంత నిదానంగా కదులుతుంటే రెండు పక్కల నుంచీ నీళ్ళు. ఆకు మీద, సిపాయిల మీద, మా ఆడవాళ్ళ మీద, ఇంజను మీద. తరవాతి ఊరు వచ్చేసరికి అక్కడి జనం అప్పటికే బారులు తీరి ఉన్నారు. బిందెలు, కడవలు, చెంబులు. మిద్దె ఇంటి మీద నుంచి ఒకావిడ గంగాళమే బోర్లించింది. లారీ ఎక్కడా ఆగలేదు. అయినా మర్యాద మానుతారా మావాళ్ళు? లారీతో పాటు పరుగెత్తుతూ బొండాలు గెలలకి గెలలే లోపలికి ఎత్తి పడేశారు, ఇంటికెళ్ళి తాగండి అంటూ. సిపాయిలు తడిసి ముద్దయి కేకలు పెడుతున్నారు. మా ఆడవాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. సుబేదారు మీసం లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

మామూలు రోజుల్లో మా అమ్మని వీధిలోనే నిలబెట్టి మాట్లాడే ఇళ్ళు ఆ దారంతా ఉన్నాయి. ఆ ఇళ్ళ కోడళ్ళు ఇత్తడి బిందెలతో మంచినీళ్ళ బావి నీళ్ళు తెచ్చి మా నెత్తిన పోశారు. ఎవరు ఎవరో చూసే వ్యవధి లేదు. అమలాపురం దాటేసరికి ఆకు కొసలు లేచాయి. నేను గెలిచానని నాకు ఎంత గర్వమో! లారీలోంచి దూకినప్పుడు చిరిగిన కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని మహారాణిలా కూర్చున్నాను.

ఆ గర్వంతోనే మా చేలదారికి చేరాం. సిద్ధంగా దమ్ము చేసి ఉంచిన చేలు బురదతో మెరుస్తున్నాయి. పేటంతా గట్ల మీద ఉంది. లారీ ఆగీ ఆగకముందే మా అమ్మ ఎదురొచ్చింది. ఆమె వెనక గట్టు మీద, తడిగుడ్డ కప్పిన పెద్ద గుండిగ. పక్కన ఆవకాయ జాడీ. సుబేదారుకి సైగ చేసి కూర్చోమంటోంది. అన్నం వండింది!

నాకు బుర్ర తిరిగిపోయింది. దారి పొడుగునా ఊళ్ళకి ఊళ్ళతో పోట్లాడి వస్తే, చివరికి మా అమ్మా? నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. నోటికొచ్చినట్టు అరిచాను. నీకూ ఇదే పిచ్చి పట్టిందా అన్నాను. ఆకు చస్తుంటే నీకు విస్తళ్ళు కావాల్సొచ్చాయా, చేను ఎండబెట్టుకుని ఈ అన్నం పెట్టి ఊడుస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అమ్మ గుండిగ మీద గుడ్డ తీసింది. ఆవిరి లేచింది.

ఆ వాసన తగిలి నా నోరు దానంతటదే ఆగిపోయింది. అది రోజూ మేం తింటున్న ముక్కిపోయిన బియ్యం వాసన కాదు. శుభ్రమైన, అప్పుడే దంచిన బియ్యం వాసన. మా ఇంట్లో అలాంటి గింజ ఉన్నది ఒక్క చోటే, అటక మీద, మట్టి మూసిన కుండలో. వచ్చే ఏటి విత్తనం. పొద్దున్నే దించి, దంచి, చెరిగి, వండేసింది. మేం తెచ్చిన ఆకు బతక్కపోతే మాకు ఈ ఏడూ లేదు, పై ఏడూ లేదు.

విత్తనాలు వండేశావా అమ్మా అని అడిగాను.

"వాళ్ళిచ్చిన బియ్యం వాళ్ళకే వండి పెడతామేటే?" అంది అమ్మ.

సుబేదారు ఏమిటని అడిగాడు. చెప్పాను. పుస్తకాల హిందీలో విత్తనానికి మాట ఉంది, అది చెప్పగలిగాను, మిగతాది సగమే చెప్పగలిగాను. ఆయనకి సగం చాలు. గుండిగ వంక చూశాడు, దమ్ము చేసిన చేల వంక చూశాడు, తలమీద తడిసిన టోపీ తీశాడు. తమ ఊళ్ళో తల్లులు కూడా విత్తనం ఎక్కడ దాస్తారో తనకి తెలుసన్నాడు. నా వంక తిరిగి మెల్లగా అన్నాడు:

"బహెన్‌జీ, ఇది తిని ఊరికే వెళ్ళలేం. మేమూ చేలోకి దిగుతామని అమ్మకి చెప్పండి."

తరవాత ఒక కేక వేశాడు. సిపాయిలందరూ బూట్లు విప్పి, పంట్లాలు మోకాళ్ళ పైకి మడిచి, బోదెకాలవలో చేతులు కడుక్కుని గట్టు మీద వరసగా నిలబడ్డారు. విస్తరి లేదు, కూర్చోవడం లేదు. మా అమ్మ ప్రార్థన ఎప్పుడూ పొడుగు, అన్నం చల్లారిపోయేది. ఆ రోజు రెండు మాటల్లో ముగించింది. ఆవకాయ కలిపి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టుకుంటూ వెళ్ళింది. వాళ్ళు నిలబడే తిన్నారు. కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తిన్నారు. మునసబుగారు కాస్త దూరంగా నిలబడి చూస్తున్నారు. అయిదు నిమిషాలు పట్టిందేమో. తిన్నవాడు తిన్నట్టే కట్ట అందుకుని చేలోకి దిగాడు. నాకు ముద్ద పెట్టలేదు. నేను అడగలేదు.

ఊడ్పు మా దేశంలో ఆడవాళ్ళ పని. ఇరవైమంది మీసాల మగవాళ్ళు బురదలో వంగి ఊడుస్తుంటే మా పేట ముసలమ్మలు గట్ల మీద నవ్వలేక చచ్చారు. సుబేదారొక్కడికే చెయ్యి తిరిగి ఉంది, మా ఆడవాళ్ళతో సమానంగా వెనక్కి వెనక్కి అడుగేస్తూ పోయాడు. మిగతావాళ్ళు మేకులు దిగ్గొట్టినట్టు ఊడ్చారు. ఒకడు మొక్కలు మరీ లోతుగా పెట్టాడని మా పిన్ని వాడి చెయ్యి పట్టుకుని నేర్పింది. రోడ్డుకి దగ్గర చేలు ముందు, దూరం చేలు తరవాత. మా చేను మురుగుకాలవ పక్కన, అన్నిటికన్నా చివర. అక్కడికి వచ్చేసరికి మిగిలినవి తెల్లవారుజామున టార్పాలిన్ కింద ఉడికిన అడుగు కట్టలే. పసుపుపచ్చగా, మెత్తగా వేలాడుతున్నాయి.

అమ్మ ఒక కట్ట విప్పి, మొక్క మొక్కా వేళ్ళు చూసింది. తెల్లవేరు ఉన్నవి ఒక పక్కకి, లేనివి గట్టు మీదకి. సగానికి సగం గట్టు మీదే పడ్డాయి. ఉన్నవాటిని ఎడమెడంగా పెట్టమంది. చివరి మూల సుబేదారు ఊడ్చాడు, ఆయన పక్కన నేను. పొద్దు కొబ్బరితోటల్లోకి దిగేసరికి మా చేలో ఆఖరి మొక్క బురదలో నిలిచింది. మర్నాడే లారీలు వెళ్ళిపోయాయి. ఆకు బతికిందో లేదో చూడకుండానే వాళ్ళు వెళ్ళారు.

తరవాత వారం రోజులు నేను బడికి వెళ్ళేముందు రోజూ చేను దాకా పోయేదాన్ని. ఇతరుల చేలు పచ్చబడుతున్నాయి. మా చేను ఎండుగడ్డి పరిచినట్టు ఉంది. అమ్మతో మాట్లాడటానికి నాకు మొహం చెల్లలేదు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చేది, అక్కడే ఆగిపోయేది. అరవడానికి ఉన్న నోరు దీనికి లేకపోయింది. ఆమె మామూలుగానే ఉంది. ముక్కిపోయిన బియ్యం వండింది, నాకు వడ్డించింది. ఎనిమిదో రోజు పొద్దున గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. సుబేదారు ఊడ్చిన మూలలో, ఎండిపోయిన ఆకుల నడుమ, సూది మొనంత పచ్చ. పక్క మొక్కలోనూ ఉంది. ఆ పక్క దాంట్లోనూ. నేను అరుచుకుంటూ పేట దాకా పరుగెత్తాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, తెలుసులేవే, నిన్ననే చూశాను అంది.

కోతలయ్యాయి. మా చేను మిగతా వాళ్ళకన్నా ఇరవై రోజులు ఆలస్యంగా పండింది, పలచగానే పండింది, కానీ పండింది. అమ్మ మొదట మూడు కుంచాలు కొలిచి కుండలో పోసి, మట్టి మూసి, అటక ఎక్కించింది. తరవాత మా ప్రార్థనగుడిలో కోతపండుగకి ఒక బుట్ట తీసి పక్కన పెట్టింది. ఆ తరవాతే కొత్తబియ్యం వండింది. ఆ రోజు గట్టు మీద లేచిన వాసనే, ఇల్లంతా నిండింది.

నేను కంచం పట్టుకుని పీట వాల్చుకుని కూర్చోబోయాను. అమ్మ పీట కాలితో పక్కకి జరిపింది. గిన్నెలో ఆవకాయ కలిపి, ముద్ద చేసి, నా చెయ్యి లాక్కుని అరచేతిలో పెట్టింది.

"నిలబడే తిను. నీకు ఆలస్యమైపోద్ది" అంది.

మొహంలో నవ్వు లేదు. నేను నిలబడే తిన్నాను. కారానికేనని చెప్పి కళ్ళు తుడుచుకుని, ఇంకో ముద్దకి చెయ్యి చాపాను.